ఓడలు కట్టిన ఊళ్లు – 9: నెకర్ మీదుగా దిగిన అడవి

గత సంచికలో అమ్‌స్టర్‌డామ్‌లో ఆగాం. ఊస్టెన్‌బర్గ్ దీవి మీద వలందుల (డచ్చివాళ్ల) ఈస్టిండియా కంపెనీ తన ఓడలు తానే కట్టుకున్న వైనం చూశాం. తాళ్లు పేనే సాలలు, లంగర్లు సాగగొట్టే కొలుములు, తెరచాపలు కుట్టే గదులు అన్నీ అక్కడే. కంపెనీకి ఆరు శాఖలుండేవి. ఆ ఆరు శాఖల రేవులూ కలిసి రెండు శతాబ్దాల్లో సుమారు 1500 ఓడలు కట్టాయి. కానీ ఒక సంగతి తేలకుండా మిగిలిపోయింది. హాలెండ్‌లో చెప్పుకోదగ్గ అడవి లేదు. సముద్రానికి కట్టలు కట్టి, పల్లపు నేలలో నీళ్లు తోడి, పచ్చిక బయళ్లు చేసుకున్న దేశం అది. ఒక్కో పెద్ద ఓడకు వందల చెట్లు కావాలి. అంత కలప ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఓడల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా రేవు దగ్గర కథ మొదలుపెడతారు. వెన్నుదూలం పరిచిన రోజు, జలప్రవేశం చేయించిన రోజు, పేరు పెట్టిన రోజు. అప్పటికే ఆ ఓడ కథ సగం అయిపోయి ఉంటుంది. చెట్టు కొట్టినవాడు, దుంగను కొండ దింపినవాడు, తెప్ప కట్టినవాడు, దాన్ని వంతెన కింద నుంచి క్షేమంగా దాటించినవాడు, వీళ్లందరి చేతులూ పడ్డాకే వడ్రంగి బాడిస పట్టాడు. అందుకే ఈ సంచికలో సముద్రానికి వీపు తిప్పి నదికి ఎదురు వెళ్దాం. మన మజిలీ హైడెల్‌బర్గ్.

ఈ ఊరి పేరు తెలుగు ఇళ్లలో కొత్తది కాదు. దగ్గర్లోని వాల్‌డార్ఫ్‌లో సాప్ కంపెనీ ఉంది. 1386లో పుట్టిన విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. ఈ రెంటి పుణ్యాన పిల్లలు అక్కడున్నవాళ్లు మనలో చాలామందే. వాళ్లు పంపే ఫోటోల్లో కొండ మీద శిథిలమైన ఎర్రరాతి కోట, కింద నెకర్ నది, నది మీద పాత వంతెన తప్పకుండా ఉంటాయి. ఊళ్లో పెద్ద నౌకా కర్మాగారం మాత్రం లేదు. నెకర్ ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్ల లోపే మన్‌హైమ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. అక్కణ్ణుంచి రైన్ వెంట రాటర్‌డామ్ దాదాపు 570 కిలోమీటర్లు. ఇంత లోపలున్న ఊరికి సముద్రపు ఓడలతో పనేమిటి అనిపిస్తుంది. ఆ వంతెన కింద నుంచి కొన్ని వందల ఏళ్ల పాటు ఓడలు విడి కొయ్యలుగా దిగిపోయాయి.

నెకర్‌కు ఎగువన, దక్షిణాన, నల్లడవి ఉంది. జర్మన్లు ష్వార్జ్‌వాల్ట్ అంటారు. నిటారుగా పెరిగే ఫర్ చెట్ల కొండలు అవి. నాగోల్ట్, వుర్మ్, ఎన్జ్ అనే చిన్న నదులు అటువైపు నుంచి వచ్చి చివరికి నెకర్‌లో పడతాయి. 1342లోనే వుర్టెంబర్గ్ ప్రభువూ బాడెన్ ప్రభువూ ఒక ఒప్పందం చేసుకుని ఈ నదుల మీద తెప్పలకు దారి తెరిచారు. మొదట్లో ఆ కలప ఇళ్లకు, ద్రాక్షతోటల గుంజలకు, పొయ్యిలకు పోయేది. హాలెండ్ ఓడలు కట్టడం పెరిగేకొద్దీ, ముఖ్యంగా 1648లో ముప్ఫై ఏళ్ల యుద్ధం ముగిశాక, బేరం మారిపోయింది. బాగా పొడవైన, లావైన మానులకు ‘హాలెండ్ దుంగ’ అనే పేరే స్థిరపడింది. 18వ శతాబ్దిలో కాల్వ్ పట్టణపు వర్తకులు ఈ కలప కోసమే కంపెనీ కట్టి, వుర్టెంబర్గ్ ప్రభువు దగ్గర అడవులు గుత్తకు పట్టారు.

ఆ పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూద్దాం. చలికాలంలో చెట్టు కొట్టేవాళ్లు. కొండవాలున దుంగలతోనే పేర్చిన జారుడు దోనెల్లోంచి వాటిని లోయలోకి వదిలేవాళ్లు. కొండవాగుల్లో నీళ్లు తక్కువ కాబట్టి అడ్డంగా కొయ్య కట్టలు వేసి నీళ్లు నిలబెట్టేవాళ్లు. మంచు కరిగి వాగు నిండాక తెప్ప సిద్ధం చేసుకుని, కట్ట తలుపు ఎత్తి, ఆ ఒరవడి మీద తెప్పను వదిలేవాళ్లు. నీళ్లు దాటిపోయేలోగా తెప్పా దాటిపోవాలి. ఆలస్యమైతే రాళ్ల మీద కూర్చుండిపోతుంది. మళ్లీ కట్ట నిండేదాకా కదలదు.

తెప్పకు తాళ్లు కొన్నది లేదు. కట్లు కూడా అడవిలోనే తయారయ్యేవి. సన్నటి లేత మొక్కలు, హేజెల్ గానీ ఫర్ గానీ, నరికి నీళ్లలో నానబెట్టేవాళ్లు. వాటిని పొడవాటి పొయ్యిలో పెట్టి లోపలి పసరు ఆవిరై బుసకొట్టేదాకా కాల్చేవాళ్లు. వేడివేడిగా బయటికి లాగి లావు కొసను బిగించి, రెండో కొసను ఒక గుంజ చుట్టూ మెలితిప్పుతూ చుట్టేవాళ్లు. కొయ్యలోని నారలు విడిపోయి, మొక్క విరగకుండా తాడులా వంగేది. ఆరిపోతే గట్టిపడుతుంది, వాడే ముందు మళ్లీ నానబెడితే మెత్తబడుతుంది. దుంగల కొసలకు తొలిచిన రంధ్రాల్లోంచి ఈ మెలికలు దూర్చి దుంగను దుంగకు కట్టేవాళ్లు. ఇనుప మేకు దాదాపు అక్కర్లేదు. ఒక్కో తెప్పకు ఇలాంటి కట్లు వందల కొద్దీ కావాలి. కాబట్టి అడవి ఊళ్లలో ఇదే ఒక జీవనోపాధి. నౌకానిర్మాణ పరిశ్రమ అనే మాట వినగానే మనకు తట్టని పని ఇది. నేను మాత్రం దీన్ని ఆ పరిశ్రమలో మొదటి మెట్టుగానే లెక్కిస్తాను.

చిన్న నదుల్లో తెప్ప ఒక్క పలకలా ఉండేది కాదు. కొన్ని దుంగలు కలిపి ఒక పెట్టు, అలాంటి పెట్లు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో వదులుగా కట్టి, వంపులు తిరిగేలా చేసేవాళ్లు. ముందు పెట్టు సన్నం, వెనక పెట్టు వెడల్పు. దీన్ని ఆపడమే అసలు విద్య. ముందు నుంచి ఆపితే వెనకవన్నీ వచ్చి మీద పడి గుట్టగా పేరుకుంటాయి. అందుకే వెనక పెట్లలో ఒక దాంట్లో లావుపాటి దూలాన్ని కిందికి దించి నది అడుగున నొక్కి పట్టేవాళ్లు. అది తెప్పకు బ్రేకు. ఆ దూలం పట్టుకున్నవాడు ఊళ్లో గౌరవమున్న మనిషి. దుంగల మధ్య కాలు ఇరుక్కున్నా, కట్టు తెగి నీళ్లలో పడ్డా బతికి బయటపడటం కష్టం. మంచు కరిగిన నీళ్లు నడుముదాకా తడుపుతుంటే చేసే పని ఇది.

ఓక్ దుంగలది మరో తంటా. ఓడ పక్కటెముకలకూ, అడుగు పలకలకూ ఓక్ కావాలి. పచ్చి ఓక్ బరువెక్కువ, తేలదు. అందుకని తేలికైన ఫర్ దుంగల మధ్య ఓక్ దుంగను ఇరికించి కట్టేవాళ్లు. ఫర్ తాను తేలుతూ ఓక్‌ను మోసేది. గమ్యం చేరాక రెండూ అమ్ముడయ్యేవి.

ఇలా ఎన్జ్ దిగి, నెకర్‌లో పడి, హైల్‌బ్రాన్ దాటి తెప్పలు హైడెల్‌బర్గ్ లోయలోకి వచ్చేవి. ఊరికి కొంచెం ఎగువన నదిలో రాళ్లగుంపు ఉండేది, పేరు హాక్‌టాయ్‌ఫెల్. నేటికీ పాత వంతెనకు తూర్పున ఒడ్డు వెంట ఉన్న రోడ్డుకు ఆ పేరే. రాళ్ల మధ్య సుడులు, వెంటనే వంతెన స్తంభాలు. తెప్పవాడికి ఆలోచించే వ్యవధి ఉండదు. ఇప్పుడు మనం చూసే రాతి వంతెన 1786–88లో పాలకుడు కార్ల్ థియోడోర్ కట్టించింది. అంతకుముందున్న వంతెనకు స్తంభాలు రాతివి, పైకప్పు, నడక దారి కొయ్యవి. 1784 చలికాలం చివర్లో గడ్డకట్టిన నది ఒక్కసారిగా పగిలి, మంచు పలకల వరద వచ్చి దాన్ని ఊడ్చుకుపోయింది. ఊరి పాత వీధుల్లో నది వైపు దిగే ఒక సందు పేరు షిఫ్‌గాస్సె, అంటే ఓడల సందు. తెప్పలు, పడవలు, సరంగులు, సుంకాలు ఈ ఒడ్డుకు నిత్యకృత్యం.

మన్‌హైమ్ దగ్గర రైన్‌లో కలిశాక దృశ్యం మారిపోయేది. చిన్న తెప్పలను విప్పి, పక్కపక్కన పేర్చి, మీద మరో వరస వేసి పెద్దవి కట్టేవాళ్లు. రైన్‌లో మరింత దిగువకు, ఆండర్నాక్ పరిసరాలకు వెళ్లాక ‘హాలెండ్ తెప్ప’ సిద్ధమయ్యేది. పొడవు 300 మీటర్ల దాకా. మీద నాలుగైదు వందల మంది మనుషులు, వాళ్లకు కొయ్య గుడిసెలు, వంటశాల, రొట్టెల పొయ్యి, కోతకు పశువులు. ముందూ వెనకా బారులు తీరి తెడ్లు వేసేవాళ్లు. ఆ తెప్ప వస్తోందని ముందే ఒక పడవ వెళ్లి దారిలోని వాళ్లను హెచ్చరించేది. ఒక్క తెప్పలో పెట్టుబడి అంతా ఇంతా కాదు. దారి పొడుగునా ప్రతి దొరకూ సుంకం కట్టాలి. అందుకే ఇది తెప్పవాళ్ల చేతుల్లోంచి వర్తక కంపెనీల చేతుల్లోకి పోయింది.

తెప్ప డోర్డ్రెక్ట్ చేరితే వేలం. అక్కణ్ణుంచి కలప జాన్ నది ఒడ్డుకు. 1593లో కొర్నెలిస్ కొర్నెలిస్జూన్ అనే వలందు, గాలిమరతో రంపం ఆడించే యంత్రానికి హక్కు పత్రం పొందాడు. గాలిమర చక్రం గుండ్రంగా తిరుగుతుంది, రంపం పైకీ కిందికీ ఆడాలి. మధ్యలో వంకర ఇరుసు పెట్టి ఆ చిక్కు విప్పాడు. అమ్‌స్టర్‌డామ్‌లో చేతి రంపాల పనివాళ్ల సంఘం తమ పొట్ట కొడుతుందని దీన్ని అడ్డుకుంది. పక్కనే జాన్ ఒడ్డున ఆ అడ్డు లేదు. 18వ శతాబ్ది మొదటికి అక్కడ రెండు వందలకు పైగా రంపపు గాలిమరలు తిరిగాయి. పలక చవక, కొలత ఖాయం. ఐరోపాలో మిగతావాళ్ల కన్నా వలందులు చవకగా, తొందరగా ఓడ కట్టగలిగారంటే అందులో ఈ గాలిమరల వాటా పెద్దది.

రష్యా చక్రవర్తి పీటర్ 1697లో పని నేర్చుకోవడానికి వచ్చింది ఇక్కడికే. జాండామ్‌లో కొద్ది రోజులుండి, జనం గుమిగూడుతుంటే అమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీ రేవుకు మారి నెలల తరబడి వడ్రంగం చేశాడు. చివరికి ఆయనకు అసంతృప్తి మిగిలింది. వలందు మేస్త్రీలు కంటి కొలతతో, అలవాటుతో ఓడ కట్టేస్తారు, గీత గీసి లెక్క చెప్పలేరు. ఆ లెక్క కోసం 1698లో ఇంగ్లండ్ వెళ్లాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కంపెనీ ఓడలన్నీ రైన్ కలపతో కట్టినవని అనుకోకూడదు. ఆస్ట్రేలియా తీరంలో 1629లో పగిలిపోయిన బటావియా ఓడ కొయ్యలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ కొయ్యల్లోని వలయాలు లెక్కపెట్టి, చెట్లు పెరిగిన చోటు పట్టుకున్న అధ్యయనం 2021లో వెలువడింది. ఆ ఓక్ చెట్లు బాల్టిక్ తీరం, ల్యూబెక్ పరిసరాలు, ఉత్తర జర్మనీ అడవుల నుంచి వచ్చాయని తేలింది. నార్వే నుంచి స్తంభాలు వచ్చేవి. రైన్, నెకర్ దారి జోరందుకున్నది ఆ తర్వాతి తరాల్లో. చెట్టు వలయాలు ఇంత కచ్చితంగా సాక్ష్యం చెప్పడం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి. కంపెనీ దస్త్రాల్లో ఓడ పేరు, కెప్టెన్ పేరు, సరుకు వివరం ఉంటాయి. చెట్టు ఎక్కడిదో చెట్టే చెప్పాలి.

ఆ ఓడలు వచ్చింది మన తీరానికి కూడా. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో, 1606లో, కంపెనీకి మచిలీపట్నంలోనూ, పెటపోలి అని వాళ్లు పిలిచిన నిజాంపట్నంలోనూ కోఠీలు వెలిశాయి. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం. బందరులో వలందపాలెం నేటికీ ఉంది. తీరంలో నీళ్లు లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి. ఇనుప మేకు లేకుండా తాళ్లతో కుట్టిన మన మసూలా పడవలు అలల మీదుగా వెళ్లి అద్దకపు బట్టలు చేరవేసేవి. పలకలు కుట్టిన ఆ పడవ, యూరపు అడవుల కొయ్యతో కట్టిన ఓడ పక్కన ఆగి సరుకు అందించడం బందరు రేవులో రోజూ కనిపించే పని.

హైడెల్‌బర్గ్ కోటకూ ఈ సముద్రాలకూ మరో చుట్టరికం ఉంది. కోటలో కాపురమున్న పాలకుడు ఐదో ఫ్రెడరిక్ బొహీమియా సింహాసనం కోసం ఆశపడి, 1620లో ఓడిపోయి అంతా పోగొట్టుకున్నాడు. హాలెండ్‌లోని హేగ్‌లో తలదాచుకున్నాడు. పెద్ద కొడుకు 1629లో అక్కడి సరస్సులో పడవ ప్రమాదంలో మునిగి చనిపోయాడు. ఇంకో కొడుకు రూపర్ట్ మేనమామ దేశమైన ఇంగ్లండ్ చేరి నౌకాసేనాని అయ్యాడు. 1673 ఆగస్టులో టెక్సెల్ దగ్గర వలందు నౌకల మీద ఇంగ్లీషు నౌకాదళాన్ని నడిపింది ఆయనే, గెలవలేకపోయాడు. అదే 1673లో, అదే యుద్ధంలో భాగంగా, బందరు సముద్రంలో వలందు, ఇంగ్లీషు కంపెనీల ఓడలు తలపడ్డాయి. అక్కడా వలందులదే పైచేయి. తనకు ఆశ్రయమిచ్చిన దేశం మీద, తన తండ్రి రాజ్యపు నదుల మీదుగా కలప తెప్పించుకునే దేశం మీద ఆ రాకుమారుడు యుద్ధం చేశాడు.

ఇంత జరిగాక నల్లడవి ఏమైంది? 18వ శతాబ్ది చివరికి చాలా కొండలు బోడిగా మిగిలాయి. హాలెండ్ డబ్బు కొందరి ఇళ్లు నింపింది, కొయ్య కొట్టినవాడి ఇంట్లో రొట్టె పెరగలేదు. విల్‌హెల్మ్ హౌఫ్ రాసిన ‘చల్లటి గుండె’ కథలో దుంగలు హాలెండ్‌కు తోలి డబ్బు చేసుకునే మైకేల్ అనే రాక్షసుడు మనుషుల గుండెలు కొని, బదులుగా రాతి గుండెలు పెడతాడు. 1820ల చివర వచ్చిన ఆ కథ పిల్లల కోసం రాసిందే అయినా, ఆ లోయల్లో జనం ఆ వ్యాపారాన్ని ఎలా చూశారో దస్త్రాల కన్నా నిక్కచ్చిగా చెబుతుంది. 1833లో బాడెన్ ప్రభుత్వం అటవీ చట్టం చేసి, కొట్టిన చోట నాటడం తప్పనిసరి చేసింది. త్వరగా పెరిగే స్ప్రూస్ చెట్లు బారులుగా నాటారు. నేడు సందర్శకులు చూసి మురిసే అడవిలో చాలా భాగం అలా మనిషి నాటినదే. ఈలోగా ఓడలు ఇనుముకు మారాయి. తెప్పలు గనుల గుంజలకు, ఇళ్ల దూలాలకు పోతూ 20వ శతాబ్దిలోకి వచ్చి ఆగిపోయాయి.

కలప దిగువకు వెళ్లింది. మరి సరుకు ఎగువకు ఎలా వచ్చేది? నెకర్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

గోదావరి కాలువల్లో గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగడం మన పెద్దవాళ్లు చూశారు. నెకర్ మీద ఆ పని గుర్రాలది. ఒడ్డు వెంట సన్నటి బాట, దాని మీద గుర్రాల బారు, వెనక తాడు, తాడు చివర బరువు పడవలు. బాట ఒక ఒడ్డున ఆగిపోతే గుర్రాలను పడవలో అవతలికి దాటించాలి. మన్‌హైమ్ నుంచి హైల్‌బ్రాన్ దాదాపు 115 కిలోమీటర్లు, ఒక్కోసారి వారం పట్టేది. హైల్‌బ్రాన్ దగ్గర పట్టణపు మరల కోసం నదికి అడ్డంగా వేసిన కట్ట ఓడలను ఆపేసేది. 1821లో అక్కడ విల్‌హెల్మ్ కాలువ, దాంతో పాటు లాకు వచ్చాకే పడవలు కట్ట దాటాయి. 1841లో ఆవిరి పడవలు మొదలయ్యాయి, ప్రయాణికులు సంబరపడ్డారు. అయితే 1840లోనే మన్‌హైమ్–హైడెల్‌బర్గ్ రైలు నడిచింది. 1860ల చివరికి రైలు హైల్‌బ్రాన్ దాకా చేరింది. ఉప్పు, ధాన్యం, బొగ్గు అన్నీ రైలెక్కడం మొదలుపెట్టాయి. పడవవాళ్ల బతుకు అంచుకు వచ్చింది.

అప్పుడు హైల్‌బ్రాన్ వర్తకులు ఎల్బ్ నది వైపు చూశారు. అక్కడ ఎవాల్డ్ బెల్లిన్‌గ్రాత్ అనే ఇంజనీరు నది అడుగున గొలుసు పరిచి దాన్ని పట్టుకుని పడవలు లాగించే కంపెనీ నడుపుతున్నాడు. హైల్‌బ్రాన్‌లో అలాంటి కంపెనీయే పెట్టారు. నది మూడు రాజ్యాల్లోంచి పోతుంది: వుర్టెంబర్గ్, హెస్సె, బాడెన్. ముగ్గురి అనుమతీ తెచ్చుకున్నారు. 1878 వసంతంలో గొలుసు పరిచారు. మే 23న మొదటి గొలుసు పడవ మన్‌హైమ్ నుంచి బయలుదేరింది.

పడవ పనితీరు చూడండి. గొలుసు రెండు కొసలూ నది అడుగున బిగించి ఉంటాయి. పడవ ముందు భాగంలో నీళ్ల మీదికి చాచిన ఇనుప చేయి ఉంటుంది. గొలుసు దాని మీదుగా పైకెక్కి, పడవ మధ్యలో ఆవిరి యంత్రం తిప్పే డ్రమ్ముల చుట్టూ కొన్ని చుట్లు తిరిగి, వెనక ఉన్న చేయి మీదుగా మళ్లీ నీళ్లలోకి జారిపోతుంది. డ్రమ్ము తిరిగేకొద్దీ పడవ గొలుసు వెంట తనను తాను లాక్కుంటూ ముందుకు పోతుంది. తెడ్ల చక్రం తిప్పితే శక్తిలో చాలా భాగం నీళ్లను వెనక్కి నెట్టడంలోనే కరిగిపోతుంది. గొలుసు కదలదు కాబట్టి ఆ నష్టం లేదు. చిన్న యంత్రం, తక్కువ బొగ్గు, వెనక బారుగా బరువు పడవలు. నెకర్ లోతు తక్కువ కాబట్టి పడవ అడుగు బల్లపరుపుగా, చాలా తక్కువ నీళ్లలో తేలేలా కట్టారు. నదిలో వెనక్కి తిప్పుకునే చోటు లేదు కాబట్టి రెండు కొసలూ ఒకేలా, రెండు వైపులా చుక్కాని. వంపుల్లో గొలుసు లోపలి ఒడ్డు వైపు జరిగిపోతుంటుంది. వెనక చేతిని పక్కకు తిప్పి దాన్ని మళ్లీ నడి నదిలో పడుకోబెట్టడం పడవ నడిపేవాళ్ల నేర్పు. ఎదురెదురుగా రెండు గొలుసు పడవలు వస్తే ఒకటి గొలుసు విడిచి పక్కకు జరగాలి, రెండోది దాటాక మళ్లీ తగిలించుకోవాలి. అదొక పెద్ద తతంగం.

మొదటి పడవలు డ్రెస్డెన్‌లోని కర్మాగారం నుంచి వచ్చాయి. ఎల్బ్ మీద చేయి తిరిగిన వాళ్లు వాటిని కట్టారు. తర్వాత హైల్‌బ్రాన్ పక్కనే నెకర్సుల్మ్‌లో పడవల కర్మాగారం వెలిసింది. మొత్తం ఏడు గొలుసు పడవలు నెకర్ మీద తిరిగాయి. అడవి కొయ్య పక్కవాళ్ల ఓడల కోసం దింపిపెట్టిన లోయకు, చివరికి తన నది లోతుకు తగిన, తన వంపులకు తగిన ఓడ దొరికింది. నౌకానిర్మాణంలో గొప్పతనాన్ని టన్నుల్లో కొలిచేవాళ్లు ఈ ఏడింటినీ పట్టించుకోరు. నది స్వభావం ఇంత బాగా అర్థం చేసుకుని కట్టిన ఓడలు నాకు తెలిసి తక్కువ.

ఆ 1878 మే నెలలోనే అమెరికా రచయిత మార్క్ ట్వేన్ హైడెల్‌బర్గ్ వచ్చి ఆ వేసవి కొండ మీది హోటల్లో ఉన్నాడు. 1880లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో హైల్‌బ్రాన్ నుంచి తెప్ప మీద దిగివచ్చినట్టు కథ అల్లాడు. దారిలో ఎదురైన గొలుసు పడవను, అది లాక్కొచ్చే పడవల బారును వర్ణించాడు. దిగిపోతున్న తెప్ప, ఎక్కివస్తున్న గొలుసు పడవ ఒకే నదిలో ఒకదాన్నొకటి దాటిన కాలం అది. జనం మాత్రం గొలుసు పడవకు ‘నెకర్ గాడిద’ అని పేరు పెట్టారు. లోయంతా మారుమోగే దాని కూత అలాంటిది. పక్కన మైన్ నది మీద ఇలాంటిదాన్నే ‘మైన్ ఆవు’ అన్నారు.

వారం పట్టే దారి రెండు మూడు రోజులకు తగ్గింది. బొగ్గు ఎగువకు, ఉప్పు దిగువకు మళ్లీ పడవల్లో నడిచాయి. హాస్‌మర్‌స్‌హైమ్ లాంటి పడవవాళ్ల ఊళ్లు నిలబడ్డాయి. గుర్రాలవాళ్లు మాత్రం రోడ్డున పడ్డారు. తరతరాలుగా ఒడ్డు బాట మీద బతికిన కుటుంబాలవి. ఒకరి యంత్రం మరొకరి గుర్రాన్ని కొట్టేయడం నౌకా చరిత్రలో మళ్లీ మళ్లీ చూస్తాం. అమ్‌స్టర్‌డామ్‌లో చేతి రంపాలవాళ్లు భయపడింది ఇందుకే.

గొలుసు పడవకూ ఆ వంతు వచ్చింది. 1921లో నెకర్‌ను లాకుల నదిగా మార్చే కంపెనీ పుట్టింది. ఆనకట్టలు కట్టి నీళ్లు నిలబెడితే పెద్ద మోటారు ఓడలు నేరుగా నడుస్తాయి, పక్కనే విద్యుత్తూ పుడుతుంది. హైడెల్‌బర్గ్ ఆనకట్ట కట్టిన చోటు కోటకు సరిగ్గా కింద. 1925 నుంచి 1929 దాకా పని జరిగింది. ఆకారం పాల్ బోనాట్జ్ అనే వాస్తుశిల్పి గీశాడు. గేట్లను పైకెత్తే ఎత్తైన నిర్మాణాలు కోటను మరుగుపరచకుండా అడ్డాన్ని నీటికి దగ్గరగా ఉంచాడు.  1935 జులైలో మన్‌హైమ్ నుంచి హైల్‌బ్రాన్ దాకా 11 లాకుల దారి ప్రారంభమైంది, గొలుసు పడవలకు ఆ ఏడే చివరిది. 1968లో లాకుల దారి ప్లోకింగెన్ దాకా పెరిగి 27 లాకులు, 203 కిలోమీటర్లు అయింది.

వచ్చే సంచికలో గోదావరి ముఖం దగ్గరికి, నరసాపురానికి వెళ్దాం. వలందు ఓడలు ఐరోపా కలపతో బందరుకు వస్తున్న కాలంలోనే అక్కడ మన వడ్రంగులు ఎగువ అడవుల టేకుతో ఓడలు కట్టారు. గోల్కొండ సుల్తాను మక్కాకు పంపే ఓడలూ వాటిలో ఉన్నాయి. ఇంగ్లీషు వర్తకులు ఏటేటా అక్కడ ఓడలు కట్టించుకునేవారు. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే నావికుడు ఆ రేవును గురించి రాసిపెట్టాడు. టేకు దుంగ గోదావరి దిగి నరసాపురం ఎలా చేరిందో, అక్కడ ఏ చేతులు దాన్ని ఓడగా మలిచాయో వివరంగా చూద్దాం.